హిల్కాకు చేతకాదు

చలిదేశపు కువోపియో ఊళ్ళో మార్చి నెల ఆదివారం మధ్యాహ్నం, సరస్సులు ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. హిల్కా వంటింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అటువైపు తైస్తో, పోయినేడాది దాకా ఆమె మొగుడు. ఆ కంప్యూటర్‌ని ఇంట్లోకి తెచ్చిపెట్టింది అతనే, వెళ్ళేటప్పుడు దాని తాళం తనతో పట్టుకుపోయిందీ అతనే.

"...నొక్కమన్నది ఎడమ పక్క, హిల్కా. ఎడమ. చెంచా పట్టుకునే చెయ్యి కాదు, రెండోది."

"ఎడమే నొక్కాను తైస్తో. నాకు ఎడమా కుడీ తెలుసు. నువ్వు గుమ్మం దిగి ఏ పక్కకి తిరిగి పోయావో కూడా గుర్తుంది."

"మొదలెట్టావా. సాయం కావాలని ఫోన్ చేసింది నువ్వు."

"సాయానికి కాదు. నువ్వు తగిలించి పోయిన శనిని వదిలించుకోడానికి చేశా. ఊళ్ళో అందరూ కొట్లో అమ్మే మామూలు కంప్యూటర్లు తెచ్చుకుంటే, మనింటికి మాత్రం ఈ లినక్స్."

"లినక్స్ అంటే ఏమనుకున్నావ్. యూనిక్స్ వంశం. యూనివర్సిటీల్లో నడిచే సరుకు. ఎక్కడెక్కణ్ణించో ఒకేసారి వందమంది లోపలికొచ్చి పని చేసుకున్నా కిక్కురుమనదు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది."

"ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్ని. వందమందికి కాఫీ ఎవరు పెడతారు?"

"అదుగో, ఆ తెలివే. సరే, త్వరగా కానీ. నేను సరస్సు మీదున్నా. మంచుకి కన్నం పెట్టుకుని కూర్చుని గంటైంది, ఒక్క చేపా పడలేదు. ఇంతలో నీ ఫోను."

"సరస్సు మీదా? గాలి చప్పుడే లేదేం. ఇక్కడ కిటికీలు ఊడి పడేట్టున్నాయి."

"ఇటు గాలి లేదు."

"కాఫీ మరుగుతున్న చప్పుడైతే వినపడింది."

"ఫ్లాస్కు మూత తీశా. హిల్కా, నీకు కాగితం అచ్చు కావాలా, నా దగ్గర వాతావరణం ఎలా ఉందో కావాలా?"

"కాగితమే. రేపు పొద్దున ఆస్తి పంచే మధ్యవర్తి ముందు పెట్టాలి. సౌనా నాకెందుకు రావాలో అందులో రాసుకున్నా. నోటితో చెప్తే నువ్వు మధ్యలో దూరతావ్."

"స్థలం మా నాన్నది. ఒడ్డు మా నాన్నది. ఆవిరిగది ఒక్కటీ ఊడదీసి సంచిలో వేసుకుపోతావా?"

"ఆ దుంగలు మా నాన్నవి. మన పెళ్ళయ్యాక మా ఊర్నించి విప్పి, ఒక్కో దుంగకీ గొడ్డలితో గుర్తు పెట్టి, లారీ మీద తెచ్చి మళ్ళీ కట్టాడు. అప్పట్లో కాన్పులు సౌనాలోనే, నేను పుట్టింది ఆ గోడల మధ్యే. అమ్మ పోతే చివరిసారి స్నానం చేయించిందీ అక్కడే. దాన్ని నువ్వు సామాన్లు పడేసే కొట్టం చేస్తానంటే చూస్తూ ఊరుకుంటానా?"

"సరే, సరే. రేపు ఏడుద్దువుగాని. ఇప్పుడు ఆ నల్ల పెట్టె తెరువు. అక్షరాలు కొట్టేది."

"తెరిచా. ఏదో గీత కన్ను కొడుతోంది."

"నీ కాగితం దాచిన ఫోల్డరుకి ఏం పేరు పెట్టావ్?"

"యార్వి."

"సరస్సని పెట్టుకున్నావ్. సర్లే. ముందు సి, డి, తర్వాత కాస్త ఖాళీ, తర్వాత ఆ పేరు. కొట్టి ఎంటర్ నొక్కు."

"నొక్కా. అలాంటిది లేదు పొమ్మంటోంది."

"లేక ఎక్కడికి పోతుంది. మధ్యలో ఎ మీద రెండు చుక్కలు పెట్టలేదు నువ్వు. ఆర్ కూడా రెండుసార్లు పడింది."

"రెండుసార్లు పడిందా?"

"పడుంటుంది అంటున్నా. నీ వేళ్ళ బరువు నాకు తెలీదా. మళ్ళీ కొట్టు."

"కొట్టా. ఈసారి ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే పని అయినట్టు. ఈ యంత్రం అంతే. తప్పు చేస్తేనే నోరు విప్పుతుంది."

"ముప్పై ఏళ్ళు అలాంటి దానితోనే కాపురం చేశాలే."

"ఫోన్ పెట్టెయ్యనా?"

"పెట్టెయ్. రేపు మధ్యవర్తికి అదీ చెప్తా."

"అచ్చుకి పంపు."

"పొద్దుట్నించీ పంపుతూనే ఉన్నా. ముందు పంపినవి వెళ్ళక అడ్డం పడి కూర్చున్నాయి. వాటిని తీసెయ్యాలంటే యజమాని పాస్‌వర్డ్ చెప్పమంటోంది. నాది చెప్తే, నువ్వు యజమానివి కావు అంటోంది. నా వంటింట్లో, నా బల్ల మీద కూర్చుని."

"అది నా దగ్గరుంటుంది."

"అందుకేగా నీకు చేసింది."

"అదిచ్చి నీ చేత యంత్రాన్ని నాశనం చేయించనా? యజమానిగా లోపలికి పోయావంటే ఇక అడ్డేమీ ఉండదు. ఒక్క ముక్క తప్పు కొడితే ఉన్నదంతా తుడిచేస్తుంది. నిజంగానా అని కూడా అడగదు."

"అయితే నువ్వొచ్చి తియ్యి."

"చేపలు పడుతున్నానని చెప్పానా లేదా?"

"అయితే రేపు చెప్తా. తైస్తో తాళం ఇవ్వలేదండీ, అందుకే కాగితం తేలేదు అని. ఆవిడ రాసుకుంటుంది. పోయినసారి నువ్వు గొంతు పెంచినప్పుడు కూడా రాసుకుంది, చూశావు కదా."

"బెదిరిస్తున్నావా?"

"చెప్తున్నా."

"... సరే, కొట్టు. అన్నీ చిన్నక్షరాలు. మధ్యలో ఖాళీలుండవు. హిల్కాకు చేతకాదు."

"ఏంటి నాకు చేతకానిది?"

"అదే పాస్‌వర్డ్. హిల్కాకుచేతకాదు. కలిపి కొట్టు. తమాషాకి పెట్టా. ఎవరూ ఊహించరని."

"ఎప్పుడు పెట్టావ్?"

"దీన్ని ఇంటికి తెచ్చిన రోజే. మనం బాగున్నప్పుడే."

"మనం బాగున్నప్పుడు. మంచిది. ఇన్నాళ్ళూ నువ్వు దీని ముందు కూర్చుని, కాఫీ ఇటు పట్రా అని నన్ను పిలిచేముందు, రోజూ ఆ ముక్క కొట్టేవాడివన్నమాట."

"పట్టుకుని సాగదియ్యకు. కొట్టావా?"

"కొడుతున్నా. తెర మీద ఏమీ పడట్లేదు."

"పడదు. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ చూపించదు. పక్కనున్నవాడి కంట పడకూడదని."

"పక్కనున్నవాడి కంట పడకూడదని. ఎంత జాగ్రత్త."

"ఎంటర్ నొక్కు."

"నొక్కా. వరస మొదట్లో ఉన్న గుర్తు మారింది. ఇంకేమీ అనలేదు కాబట్టి అయినట్టేగా."

"నేర్చుకుంటున్నావే. ఇప్పుడు నేను చెప్పినట్టు కొట్టి, అడ్డం పడ్డవన్నీ తీసెయ్. ఎల్, పి, ఆర్, ఎమ్. ఖాళీ. చిన్న గీత. ఎంటర్."

"తీశా. మళ్ళీ అచ్చుకి పంపా. ఆఁ, ప్రింటర్ కదిలింది. కాగితం వస్తోంది."

"సంతోషం. వచ్చినా నీకొరిగేదేం లేదులే. ఆ ఓస్మో సాక్ష్యం ఎవడు నమ్ముతాడు? ముప్పై ఏళ్ళ కిందట మీ నాన్నతో దుంగలు మోశాడట, ఏ దుంగ ఎక్కడ పెట్టారో ఇప్పటికీ గుర్తుందట. నిన్న తిన్నదేంటో గుర్తుంటుందా ఆ ముసలాడికి?"

"ఓస్మోనా?"

"అదే, ఆ..."

"ఓస్మో సంగతి నీకెవరు చెప్పారు?"

"ఊళ్ళో అందరికీ తెలిసిందే."

"ఊళ్ళో ఎవరికీ తెలీదు తైస్తో. ఓస్మో అనే మనిషే లేడు. నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ నేనే పుట్టించా. ఈ కంప్యూటర్లో తప్ప వాడు ఎక్కడా లేడు. ఇప్పుడొచ్చిన కాగితంలో కూడా లేడు, పొద్దున్నే చెరిపేశా."

"... ఎవరో అన్నారు."

"ఎవరు?"

"ఎవరో. గుర్తులేదు. ఇక్కడ చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, నేను పెట్టేస్తున్నా."

"ఒక్క నిమిషం ఆగు. పోయినసారి పడవ అడుగుదామని ఇందులోనే రాసుకొచ్చా. నేను నోరు తెరవకముందే, పడవ అమ్మేశానన్నావ్. అంతకుముందు, అమ్మ నాటిన పళ్ళ పొదలు తవ్వి తెచ్చుకుంటానని రాసుకున్నా. నేను వచ్చేలోగా నరికించేశావ్. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నా. నా మనసులో ఉన్నదంతా మొహం మీద కనపడిపోతోందేమోనని, అద్దం ముందు నిలబడి ఏమీ కనపడకుండా మొహం పెట్టడం నేర్చుకున్నా. నీకు తెలుసా ఆ సంగతి?"

"నీకు పిచ్చి."

"అదీ అనుకున్నా కొన్నాళ్ళు. తర్వాత పెద్దవాళ్ళ బడిలో చేరా. గురువారం గురువారం. అక్కడ నేర్పేది ఈ లినక్సే."

"నువ్వా? బడికా?"

"నాకేం పెద్దగా రాదు. క్లాసులో అందరికన్నా వెనక నేనే. టీచరు రెండుసార్లు చెప్తే గానీ ఎక్కదు. కానీ మొదట్లోనే ఓ మాట నేర్పారు. ఎవరు అని కొడితే, లోపల ఎవరెవరున్నారో యంత్రమే చెప్తుందట. నీకు గుర్తులేదంటున్నావుగా, దాన్నే అడుగుతా."

"యజమానిగా ఉన్నప్పుడు పిచ్చిపిచ్చివి కొట్టొద్దని చెప్పానా, హిల్కా."

"అడిగేశా. రెండు పేర్లున్నాయి. పైది నాది."

"కిందది పాతదయ్యుంటుంది. నేనున్నప్పటిది మిగిలిపోయి ఉంటుంది. యూనిక్స్‌లో అలాంటివి జరుగుతూనే..."

"ఇవాళ పొద్దుట్నించి అని పక్కనే రాసుంది."

"నీ కంప్యూటర్ గడియారం తప్పు."

"అయ్యుండొచ్చు. పోయిన గురువారం ఇంకోటి నేర్పారు. లోపల కూర్చున్నవాణ్ణి బయటికి పంపడం. దానికి మాత్రం యజమాని అయ్యుండాలి, ఆ పాస్‌వర్డ్ లేనిదే కుదరదన్నారు. అందుకని నీకు ఫోన్ చెయ్యాల్సొచ్చింది."

"హిల్కా. ఆగు. అది కొట్టకు."

"ఏది?"

"ఇప్పుడు కొట్టావే, అది. ఆ వరస చివర నా పేరు చెరిపెయ్. చెరిపెయ్యమంటున్నానా."

"దానికేగా ఇంత తంటా."

"అలా కాదు కొట్టేది. నీకు తెలీదు, ఉన్నదంతా పోతుంది. వదిలెయ్ హిల్కా, నీకు చేతకాదు."

"ఎంటర్ నొక్కా. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే అయినట్టేనని నువ్వే చెప్పావ్. తైస్తో? ఉన్నావా?"

"... నల్లబడిపోయింది. తెర మొత్తం నల్లబడిపోయింది హిల్కా."

"ఏ తెర, తైస్తో? నువ్వు మంచు మీద చేపలు పడుతున్నావు కదా."