బుర్గాను కాలు, ముత్తవ్వ రాట్నం

హోర్మిలో ఊట ఎండిపోయి నలభై రోజులైంది. కొండ మీద మంచు ముత్తవ్వ రాట్నం ఆపేసిందని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ వడికిన నూలే ఏరై కిందికి దిగుతుంది, దిగి దిగి సముద్రంలో ఉప్పుతల్లిని చేరుతుంది. ఉప్పుతల్లి ఊపిరి వదిలితే మబ్బులు పుడతాయి. కాపరి ఆ మబ్బుగొర్రెల్ని మళ్ళీ కొండకి తోలుకెళ్ళి ముత్తవ్వ ముందు ఉన్ని కత్తిరిస్తాడు. ఎక్కడ ఆగినా అంతా ఆగినట్టే. అప్పుడు ఎవరో ఒకరు పైకెళ్ళి అడగాలి. ఈసారి నిమెర వెళ్తానంది. కుండలు చేసే పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. మట్టి తడపడానికి నీళ్ళు లేక చేతులు ముడుచుకు కూర్చోలేకపోయింది.

మధ్యాహ్నం దాసిలా జావ కొట్టు అరుగు మీద ఆ పిల్లకి పేలపిండి మూట కడుతున్నాం. దాసిలా జావని గరిటెతో కాదు, చెంచాతో పోస్తోంది. అప్పుడొచ్చాడు బుర్గాను, కుంటుకుంటూ.

"కంగారేముంది నిమెరా, కూర్చో. పోయిన కరువుకి వెళ్ళొచ్చినవాణ్ణి నేనున్నాగా, దారి చెప్తా. నేను పెద్దగా చేసిందేమీ లేదు. వెళ్ళాను, అడిగాను, వచ్చాను. గొప్పలు చెప్పుకోవడం మా వంశంలోనే లేదు."

"ఓర్గు కూడా వచ్చాడుగా నీతో?" అన్నాడు రాళ్ళు కొట్టే చెరో.

"వచ్చాడు పాపం. మంచివాడు. మూట మోశాడు."

ఓర్గు పోయి మూడేళ్ళు. అతని పెళ్ళాం కెమ్లవ్వ అక్కడే గుంజకి ఆనుకుని ఎండు చిక్కుడుగింజల్లో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు.

"మొదటి మలుపు దాటామో లేదో," అన్నాడు బుర్గాను, "ఎదురుగా మబ్బుల కాపరి పొట్టేలు. నల్లమబ్బు, మన ధాన్యం కొట్టంత ఉంది. వెనక్కి పొమ్మని బుసకొట్టింది. నేను మర్యాదగానే చెప్పా, చూడు నాయనా, పనిమీదొచ్చాం, అడ్డు లే అని. వినలేదు. సరేనని రెండు కొమ్ములూ పట్టుకున్నా. మబ్బు కొమ్ము కదా, పొయ్యి మీది పొగని పట్టుకున్నట్టే, పట్టు దొరకదు. అయినా పట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"తుమ్మింది. ఆ తుమ్ముకి రాలిన వడగళ్ళని అవతలి లోయవాళ్ళు ఇప్పటికీ ఇళ్ళ పునాదుల్లో వేసుకుంటున్నారు."

"వడగళ్ళు కరిగిపోవా అన్నా?" అంది దాసిలా.

"కరిగేవి వేరు. ఇవి పొట్టేలు వడగళ్ళు. ఆ చప్పుడుకి కాపరి పరిగెత్తుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. మూడొందల గొర్రెల ఒంటిమీద కలిపి గుప్పెడు ఉన్ని లేదు. 'ఉప్పుతల్లి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, నన్నేం చేయమంటావు బుర్గానూ' అన్నాడు."

"నీ పేరు ఆయనకెలా తెలుసు?"

"ఎవరికి తెలీదు?" అని బుర్గాను గిన్నె దాసిలా వైపు జరిపాడు. ఆవిడ మూడు చుక్కలు పోసింది. "ఇక చేసేదేముంది, ఆ పొట్టేలే ఎక్కి సముద్రానికి దిగా. నడిస్తే నెలన్నర దారి. కిందటి పూట తాగిన జావ కడుపులో చల్లారకముందే చేరా. చూద్దును కదా, ఉప్పుతల్లి మొహమంతా నల్లబడిపోయి ఉంది, గొంతులో ఓడ అడ్డం పడింది. మూడు తెరచాపల ఓడ. నోరు తెరువమ్మా అన్నా. తెరిచింది. దిగా. అంగిట్లో తిమింగలం ఒకటి పడుకునుంది, దాన్ని లేపకుండా పక్కనుంచి ఒదిగి వెళ్ళా, ఎవరి నిద్ర వాళ్ళది కదా. ఓడలో చూస్తే ఇరవై మందీ భోజనాల మీదున్నారు. ఎవరు నువ్వన్నారు. హోర్మి బుర్గానునన్నా. రా, రెండు ముద్దలు తిను అన్నారు. పనుందని చెప్పి, లంగరు తాడు భుజాన వేసుకుని ఓడని బయటికి ఈడ్చుకొచ్చా. ఒక్కడి గిన్నె ఒలకలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల్లి దగ్గింది. ఆ ఒక్క దగ్గుకి పుట్టిన మబ్బుల్లో కొన్ని ఇంకా కొండ అవతల వాడకుండా పడున్నాయి."

"అయితే అవి తోలుకొచ్చుకుంటే పోలా?" అన్నాడు చెరో.

"పాత సరుకు. వాసనొస్తాయి."

చెరో తలూపాడు. అది నిజమే అనిపించినట్టుంది.

"సరే, గొర్రెలు పైకి చేరాయి, ఉన్ని కత్తిరించారు, ముత్తవ్వ ముందు గుట్ట పడింది. తీరా చూస్తే రాట్నానికి కదురు విరిగిపోయుంది. ముసలిది ఒకటే ఏడుపు. నేను మాట్లాడలేదు. ఈ కుడికాలు చాపి, 'దీన్ని బిగించుకో అవ్వా' అన్నా. మూడు పగళ్ళు నా కాలి మీదే వడికింది. ఇన్నేళ్ళుగా ఈ ఊరు తాగుతున్నది నా కాలి నీళ్ళేనని ఎప్పుడైనా నోరు జారానా? జారలేదు. ఆ తిరుగుడుకొచ్చిందే ఈ కుంటితనం."

"నువ్వు కుంటేది ఎడమ కాలితో కదా మావా," అంది నిమెర.

బుర్గాను రెండు కాళ్ళనీ చూసుకున్నాడు. తొందరపడలేదు. "విప్పేటప్పుడు ముసలిది ఇటుది అటు పెట్టింది. చూపు ఆనదని నేనూ ఊరుకున్నా."

"ఎడమదే," అంది కెమ్లవ్వ.

అందరం అటు తిరిగాం.

"మొదటి మలుపులోనే విరిగింది. దారికడ్డంగా పడుకున్న మేకని చూసుకోకుండా తూలిపడ్డాడు. మా ఆయన ఇతన్ని బండ నీడలో కూర్చోబెట్టి, ఉన్న ఒక్క నీళ్ళతిత్తీ చేతిలో పెట్టి, ఒంటరిగా పైకెళ్ళాడు."

"ఓర్గు అలా చెప్పాడా వదినా?" బుర్గాను గొంతు తగ్గింది.

"బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. నువ్విదే అరుగు మీద కోతలు కోస్తుంటే ఇంటికొచ్చి నవ్వుకునేవాడు. పోయేముందు చెప్పాడు." గింజల్లోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "కదురు విరగలేదు, ఏమీ లేదు. విసుగు పుట్టి ఆపేసిందావిడ. ఈయన రెండ్రోజులు కాళ్ళ మీద పడ్డాడు. 'పోరా, ఎన్నాళ్ళని వడకను, చేతులు గుంజేస్తున్నాయి' అంది. ఈయనకి పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఇక దిగిపోదామనుకుంటుంటే కిందనుంచి ఇతని ఏడుపు. కాలు నొప్పితో మొదలుపెట్టి, మధ్యలో వంశం గొప్ప ఎత్తుకుని, మళ్ళీ కాలు నొప్పికొచ్చేవాడట. ముత్తవ్వ, 'ఎవడ్రా అది?' అంది. 'మా ఊరివాడే' అన్నాడీయన. 'ఎప్పుడాపుతాడు?' అంది. మా ఆయనకి అబద్ధమాడ్డం చేతకాదు. 'ఆపడవ్వా, ఊళ్ళోనూ ఇంతే' అన్నాడు. ఆవిడ మారుమాట లేకుండా రాట్నం ముందుకి లాక్కుంది. ఏటి హోరులోనైనా ఆ గొంతు వినబడదని."

చెరో నవ్వబోయి ఆగాడు. బుర్గాను గిన్నెలోకి చూస్తున్నాడు.

"తిత్తి ఒకటే ఉందని నాకు తెలీదు వదినా."

"తెలుసు నీకు. తిరిగొచ్చేసరికి ఒక్క గుక్క మిగల్చలేదట."

బుర్గాను గిన్నెని అరుగు మీద బోర్లించాడు. నిమెర లేచి మూట భుజానికెత్తుకుంది.

"మావా, మొదటి మలుపు దాకా వస్తావా?"

"నా కాలు..."

"మోస్తాం," అన్నాడు చెరో.

కెమ్లవ్వ ఇంటికెళ్ళి రెండు నీళ్ళతిత్తులు తెచ్చింది. వాటిలో ఉన్నది ఆ ఇంటి నీళ్ళన్నీ. నిమెరకీ బుర్గానుకీ చెరొకటి ఇచ్చి, "ఈసారి ఎవరిది వాళ్ళకి" అంది.

మర్నాడు పొద్దున్నే చెరో, నేనూ బుర్గానుని గంపలో మోసుకెళ్ళి ఆ బండ దగ్గర దించాం. నిమెర పైకి సాగిపోయింది. ఈసారి కాలు విరగలేదు, ఏడవడానికి కారణం లేదు. తిత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, కొండకేసి తిరిగి, అరిచి అరిచి కథ మొదలుపెట్టాడు. ఈ కథలో పైకెళ్ళినవాడు ఓర్గు. దాహమేస్తే కొండని పిండుకుని తాగాడు. అడ్డొచ్చిన గాలిని మడత పెట్టి చంకన పెట్టుకున్నాడు. రెండోనాటికి ముత్తవ్వ ఇంటి వాకిలి చేరాడు, అక్కణ్ణుంచి ఇంకా పైకి ఎక్కుతూనే ఉన్నాడు.

నిమెర తర్వాత చెప్పింది, తను నోరు తెరవకముందే ముత్తవ్వ రాట్నం దగ్గర కూర్చుని ఉందట.

మేం బండ నీడలో ఉండగానే పైనుంచి నీళ్ళొచ్చాయి. బుర్గాను ఆపలేదు, ఏటి పక్కనే నిలబడి చేతులూపుతూ చెప్తూనే ఉన్నాడు. కానీ ఆ హోరులో ఓర్గు ఎంత ఎత్తుకెళ్ళాడో మాకు వినబడలేదు.