కుళ్లుకోవడం చేతకాని మనిషి

ఏ రాజారావమ్మా? ఓ, హాల్లో ఫొటోలో మీ అంకుల్ పక్కన టోపీ పెట్టుకుని, నల్లగా కమిలిపోయి నవ్వుతున్నారే, ఆయనా? మీ అంకుల్‌ని మాత్రం అడిగేవు సుమా, తాగుతున్న కాఫీ అక్కడ పెట్టి లేచిపోతారు. ఆ ఫొటో గోడ మీంచి తియ్యనివ్వరు, పోనీ ఒక్కసారి అటు చూస్తారా అంటే చూడరు. కూర్చో కావ్యా. ఆ చిక్కుడుకాయలు ఇలా జరుపు, ఈనెలు తీస్తూ చెబుతాను. నువ్వూ నాలుగు తియ్యి, చదువుకునే చేతులు అరిగిపోవులే. ఏం చెప్పమంటావు, ఈ ఊరొచ్చాక నాకు సవతి లేదన్న లోటు ఆ మహానుభావుడు తీర్చాడు. లేచిన దగ్గర్నించీ ఈయన నోట రాజారావే. వాడలా, వాడిలా, వాడికేం, దొరబిడ్డ! పెళ్లాన్ని, నా గురించి అన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడారా? లేదు. నాకూ ఒళ్లు మండేది, దాయడం దేనికి.

ఇద్దరూ తొంభై ఎనిమిదిలో ఒకే విమానంలో దిగారు. అప్పట్లో రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోయి పిచ్చెత్తిపోతాయని హడావుడి, మీకు తెలియదులే, మీరప్పటికి పుట్టలేదు. ఆ తారీఖులు దిద్దడానికి మన కుర్రాళ్లని బస్తాలు దింపినట్టు దింపారు ఈ ఊళ్లో. బిషాన్ అనే పేటలో ఒక ఫ్లాటు తీసుకుని గదికి నలుగురు చొప్పున పడుకునేవాళ్లు. ఈయనది గుడివాడ, ఆయనది కొల్లేటి పక్క పల్లె. పక్కపక్కన కూర్చుని ఒకటే పని, ఒకటే జీతం, ఒకటే సాంబారు. అక్కడుండే స్కాట్లండ్ మేనేజరొకడికి చేపలు పట్టే పిచ్చి. మన గాలం లాగా వానపాము గుచ్చి కూర్చోవడం కాదట. ఫ్లై ఫిషింగ్ అంటారు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా తయారుచేస్తారు. సన్నటి బెత్తంతో తాడు వెనక్కీ ముందుకీ గాల్లో ఊపి, ఆ పురుగుని నీళ్ల మీద వాలినట్టు వాలుస్తారు. ఒక ఆదివారం ఆ మేనేజరు రాజారావన్నయ్యని కూడా తీసుకెళ్లాడు. అంతే! చిన్నప్పటి నుంచీ కొల్లేట్లో మునిగి తేలిన మనిషాయె, నెల తిరిగేసరికి ఆ దొరకే నేర్పడం మొదలెట్టారు.

రెండువేలొచ్చింది, ఏ కంప్యూటరూ పేలలేదు. మనవాళ్లందరూ ఇంటర్నెట్ కంపెనీల మీద పడ్డారు. ఈయనకి పెద్ద బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. రాజారావన్నయ్య ఏం చేశారనుకున్నావు? ఉద్యోగం చాలన్నారు. దొరల్ని చేపలకి తీసుకెళ్లే గైడుగా తిరుగుతానన్నారు! ఈయన నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. "వాడికి పిచ్చి పట్టింది లీలా, పట్టుమని ఆరు నెలలు తిరగడు" అని. ఏదీ, మే నెల వచ్చేసరికి ఆయనకి ఊపిరాడే తీరిక లేదు. ఇక్కడ ఏడాదంతా ఉక్కే కదా, వేసవేంటి అంటావేమో. ఆయన లెక్క ఆయనది. రోహిణి కార్తె ఎండలకి నీళ్లు లాగి, చేప గట్టు పక్కన నీడకొస్తుందని చెప్పేవారు. తెల్లారకముందే క్రాంజీ రిజర్వాయర్ దగ్గరకెళ్లి, నడుముకి బెల్టులో ఈకల పెట్టె కట్టుకుని, ఒక్కో దొర వెనకాల నిలబడి "మణికట్టు విరవకు, మోచేతితో ఆపు, తాడుని వెనక సాగనివ్వు" అంటూ చెప్పడం. ఎండ నడినెత్తి మీదకొచ్చేసరికి పని ముగించేసి, చెట్టు కింద నాసి లెమాక్, అదే ఇక్కడి కొబ్బరిపాల అన్నం, పొట్లం విప్పుకోవడం. ఈయన ఆ వేళకి ఏసీలో స్వెట్టరేసుకుని మూడో మీటింగులో ఉండేవారు. పట్టిన ప్రతి చేపనీ మళ్లీ నీళ్లలోకే వదిలెయ్యాలి, అదీ ఆయన నియమం. "పట్టి వదిలేసేవాడికి ఇంత పేరేంటే? మా ఊళ్లో అయితే వెర్రివాడంటారు" అని ఈయన గొణుగుడు.

ఒకరోజు ఏమైందంటే, ఈయన బ్యాంకులో అందరికంటే పై మెట్టు మీదుండే దొర లిఫ్టులో ఎదురుపడ్డాడట. ఆయనతో ఒక్క మాట మాట్లాడాలని ఈయన ఎన్నాళ్లనించో గొంతు సవరించుకుంటున్నారు. ఆ దొర తనంతట తనే ఈయన వైపు తిరిగి, "నువ్వు రాజా స్నేహితుడివి కదూ? ఈ శనివారం చేపలకెళ్తున్నాం, వాన పడుతుందేమో కాస్త అతన్ని కనుక్కుని చెప్పు" అన్నాడట. ఇంటికొచ్చి టై విప్పి సోఫా మీదకి విసిరారు చూడు! "నా పేరడగలేదే వాడు, రాజా స్నేహితుడినంట! ఆరేళ్ల అనుభవం నాది!" ఆ బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఈయనకదే పేరు.

ఇంక అక్కణ్నించీ మొదలైంది. ప్రమోషన్ వస్తే ఫోను ముందు అటే. ఈ బెడోక్ ఫ్లాటు కొన్నాక పాలు పొంగించిన రోజు, వచ్చినవాళ్లలో ఎవరికైనా మంచినీళ్లిచ్చారో లేదో తెలియదు గానీ, రాజారావన్నయ్యని మాత్రం గది గదీ తిప్పి చూపించారు. కిచెన్ సింకు కూడా! ఆయన అన్నీ తడిమి చూసి "భలే ఉందిరా జనార్ధన్, గాలి బాగా వస్తోంది" అని మనస్ఫూర్తిగా అన్నారు. మొహంలో వెతికినా ఇంత కుళ్లు లేదు. తర్వాత కారు కొన్నారు, ఈ ఊళ్లో కారంటే మాటలా? రాజారావన్నయ్యని ఎక్కించుకుని ఊరంతా తిప్పుకొచ్చారు. ఆయన ఏం చేశారయ్యా అంటే, బురద బూట్లు చేత్తో పట్టుకుని ఎక్కి, చల్లగాలి తగలగానే హాయిగా నిద్రపోయారు. ఈయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మనం పడే ఏడుపు అవతలివాడు కాస్తయినా పడితే మనకి కాస్త ఊరట, ఏమంటావు? కుళ్లుకోవడం చేతకాని మనిషితో స్నేహం చెయ్యడం చాలా కష్టమమ్మా.

ఆఁ, చేప సంగతి చెప్పాలి. మాతో నిజామాబాద్ ఈశ్వరరావు గారని ఉండేవారు, మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేప తినాల్సిందేనని ఆయన పట్టు. మాకంత పట్టింపు లేదు గానీ, ఊరు కాని ఊళ్లో అందరి ఆచారాలూ అందరివే కదా. ఆ ఏడు భోజనాలు మా ఇంట్లో. ఈయన ఏమనుకున్నారో, ఆ పొద్దున్నే రాజారావన్నయ్య వెంట క్రాంజీ వెళ్లారు. చాటుగా అప్పటికే నెలల తరబడి కింద పార్కులో ఉత్త తాడుతో ఊపడం నేర్చుకుంటున్నారులే, నడిచే ముసలాళ్లందరూ ఆగి చూసేవాళ్లు. ఆ రోజు దేవుడు కరుణించాడు. తోమన్ పడింది. తోమన్ అంటే మన కొర్రమీనుకి పెద్దన్న, మొసలి మూతేసుకుని ఇంత పొడుగుంటుంది. అది లాగుతుంటే బెత్తం విల్లులా వంగిందట, ఈయన మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయారట. రాజారావన్నయ్య చెయ్యి వెయ్యలేదు, "నీదేరా, నువ్వే లాగు, కంగారుపడకు" అంటూ గట్టు మీదే నిలబడ్డారట. గట్టుకొచ్చాక మాత్రం, "చూశావుగా, ఇంక వదిలెయ్ జనార్ధన్" అన్నారు. వదులుతారా? జన్మకో చేప! "ఎవరూ చూడకుండా వదిలేస్తే నేను పట్టానని ఎవడు నమ్ముతాడ్రా?" అని చొక్కా విప్పి, అందులో చుట్టి, కొత్త కారు సీటు మీద పడుకోబెట్టి తెచ్చేశారు. నెల రోజులు ఆ కారు నీచు కంపు.

ఇంటినిండా జనం. మామిడికాయ వేసి పులుసు పెట్టాను, ఆ వాసనకి పక్కింటి చైనా ఆవిడ కూడా గిన్నె పట్టుకొచ్చింది. ఈయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా వచ్చి కూర్చున్నారు. ఎవరైనా అడిగితే చెబుదామని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఈశ్వరరావు గారు ఏమన్నారు? "ఏం చేప పట్టినవయ్యా రాజారావూ! మా చెరువు యాదికొచ్చింది!" అన్నారు. అందరూ అటే తిరిగి ఆహా ఓహో. రాజారావన్నయ్య వెంటనే, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, "నేను కాదండీ బాబూ, ఇది జనార్ధన్ పట్టిన చేప. నేనసలు వదిలెయ్యమన్నాను" అన్నారు. నమ్మితేనా! "జూసిన్రా, దోస్తంటే గిట్లుండాలె! తను పట్టి పేరు దోస్తుకిస్తుండు!" అని ఈశ్వరరావు గారు ఎడం చేత్తో ఆయన వీపు తట్టారు. ఈయన "నిజంగా నేనే అండీ" అంటుంటే ఇంకా పెద్ద నవ్వు. రాజారావన్నయ్య ఒట్టు పెట్టిన కొద్దీ ఆయన మంచితనం పెరిగిపోతోంది, ఈయన మొహం మాడిపోతోంది. అబద్ధమాడి చేప కొట్టేసినా పోనీ తిట్టుకోవచ్చు. నిజం చెప్పి మరీ కొట్టేసినవాణ్ని ఏం చేస్తావు? కార్తె పూట, కొర్రమీను లాంటి చేప పులుసు పెట్టుకుని, మా ఇంటాయన పెరుగన్నం తిని లేచారు. నీకు మాత్రం చెబుతున్నా, ఎవరితో అనకు, ఆ చేప ఈయనే పట్టారా అని నాకూ ఓ మూల అనుమానమే.

ఆ తర్వాత రాకపోకలు తగ్గాయి. ఈయన ఆ బెత్తం ఎవరికో ఇచ్చేశారు. ఆయన మాత్రం ఏ మార్పూ లేకుండా ఎప్పుడు ఎదురుపడినా "ఏరా, నీళ్లు బావున్నాయి, రా" అనేవారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఊపిరితిత్తుల జబ్బన్నారు. అంత ఎండకి, గాలికి తిరిగిన మనిషి! ఆయన భార్య తారాదేవి ఫోన్ చేసి, చూడాలనుకుంటే వచ్చి చూసి వెళ్లమంది. మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాం. పక్క మీద టోపీ పెట్టుకునే ఉన్నారు, జుట్టంతా పోయి. నేను నారింజ వలుస్తున్నాను. ఈయన కాసేపు అటూ ఇటూ చూసి, వానల గురించీ, ఆఫీసు గురించీ ఏదేదో మాట్లాడి, ఉన్నట్టుండి అడిగేశారు. "రాజా, ఒక్కటి చెప్పరా. ఎప్పుడైనా, ఒక్కసారైనా, నన్ను చూసి నీకు కుళ్లు పుట్టిందా? నా ఉద్యోగం చూసి గానీ, ఇల్లు చూసి గానీ... ఆ చేపని చూసి గానీ?" ఏమిటా అడగడం, ఆ స్థితిలో ఉన్న మనిషిని! ఆయన తేలిగ్గా తీసి పారెయ్యలేదమ్మా. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు, ఎక్కడైనా ఉందేమోనని తనలో తను వెతుక్కున్నట్టు. తర్వాత కళ్లు తెరిచి, "లేదురా" అన్నారు. పైగా ఆ లేకపోవడమే తన తప్పన్నట్టు ఈయన చెయ్యి నిమిరారు.

బయటకొచ్చాం. ఎదురుగా తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లోకి వెళ్లి ఏదో టేబుల్ దగ్గర కూలబడ్డారు ఈయన. నేను రెండు టీలు తెచ్చేసరికి, ఎవరో చోటు ఆపుకోవడానికి పెట్టి వెళ్లిన టిష్యూ ప్యాకెట్ చించుకుని ఒకటే ఏడుపు. మా మామగారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆఫీసు పిల్లొకతి నూడుల్స్ ప్లేటుతో వచ్చి, "అంకుల్, ఈ టేబుల్ నేను చోప్ చేశాను లా", అంటే ముందే ఆపుకున్నానని, అనబోయి, ఈయన మొహం చూసి పక్కకెళ్లిపోయింది. నేననుకున్నాను, పాపం, ప్రాణస్నేహితుడు పోతున్నాడు కదా అని. వీపు మీద చెయ్యేసి, "ఊరుకోండి, పుట్టిన ప్రతివాడూ పోయేవాడే" అన్నాను. ఈయన ముక్కు తుడుచుకుని నా వైపు చూసి, "ఎలాగూ పోయేవాడే కదే లీలా... ఒక్క అబద్ధం చెప్పి పోతే వాడి సొమ్మేం పోయింది?" అన్నారు.

...

ఏంటి, అన్నీ అలాగే వదిలేశావు? ఇటివ్వు ఆ కాయలు. నీకు పన్నెండింటికి క్లాసన్నావుగా, వెళ్లి తల దువ్వుకో.