కాలి బొటనవేలు

రాత్రి మంచి వాన కురిసింది. తెల్లవారాక రామాంజినమ్మ నట్టింట్లో మంచం మీద సంచి పెట్టుకుని సర్దుతోంది. మొగుడు వెంకటప్ప చాప మీద కాళ్లు చాపుకుని పేకలు కలుపుతున్నాడు. గోడవారన రెండు విత్తనం మూటలు.

"చారల చొక్కా పెట్టినావా?"

"ఆరేసిన చోటే ఉండాది."

"మర్చిపోవద్దు. అది ఏసుకున్నప్పుడే గెలిచినా నేను."

"ఒక్క తూరి."

"ఒక్క తూరైనా గెలిచినా కదా. గుంతకల్లు బస్సుకి ఇంకా గంటుంది. గబగబా సర్దు."

"సర్దుతాండా. మూటలు ఎట్ల తీసుకపోతావు?"

"బస్సు మీద ఏస్తా. వాన పడినాక విత్తనం చెనక్కాయలకి గిరాకీ. ఆడ అమ్మేసి, నేరుగా క్లబ్బుకి."

"వాన మన చేన్లో కూడా పడింది."

"పడింటాదిలే."

"పదును మూడు దినాలకంటే నిలవదు. ఆ లోపల గొర్రు కట్టి విత్తనం ఏయకపోతే ఈ ఏడు కూడా బీడే."

"ఏసినవన్నీ కాస్తాయా? అదీ జూదమే కదమ్మే. చేను కంటే పేక నయం. దాంట్లో తెలివికి చోటుండాది."

"తెలివికి చోటుంటే చారల చొక్కా ఎందుకు?"

"చొక్కా జోలికి రావద్దు."

"చెప్పప్పా. పదకొండు వారాల నుంచి ఓడేది ఆ తెలివా, ఆ చొక్కానా?"

"నీకు అర్థం కాదు. వరసగా పదకొండు తూర్లు ఓడినోడు పన్నెండో తూరి గెలిచి తీరల్ల. లెక్క అది."

"ఆ లెక్కతోనే కదా బోర్లు ఏసినావు! నాలుగు ఎండినాయి, అయిదోదాంట్లో నీళ్లు పడి తీరల్ల అన్యావు. దుమ్ము లేచింది. ముందు నాలుగు ఎండినాయని భూమికి యాడ గుర్తుంటాది? నువ్వు పదకొండు తూర్లు ఓడినావని పేకలకు మాత్రం ఎవరు చెప్తారు?"

"ఏమ్మే, ఆడదానివి, నాకు పేక నేర్పుతాండావా?"

"పదహారేండ్లు నీ వెనకాల నిలబడి నీ జతగాళ్లకు టీలు పోసినా. కండ్లు మూసుకుని పోయలేదు."

"అంత వచ్చినదానివైతే కూర్చో. ఆడు నాతో."

"ఉత్త పుణ్యానికి ఆడను. నేను గెలిస్తే నువ్వు పోగూడదు. రేపు గొర్రు కట్టల్ల."

"ఓడితే?"

"ఆ మూటలు నేనే మోసి బస్సుకి ఎత్తుతా. మళ్లీ నోరెత్తను."

"తమాషాగా ఉండాదే! ఒక్కటే ఆట. పదమూడు ముక్కల రమ్మీ. పంచుతాండా."

"మాట మాటేనా?"

"మగోని మాట. ఎత్తుకో నీ ముక్కలు."

"ఎత్తుకున్యా. నువ్వు దించు."

"ఇదో, ఆటీను రాజు. ...ఏంది, నాలుగు చుట్లయినా ఇస్పేటు ఎనిమిది ఇడవకుండా దాచుకున్నట్టుండావే?"

"నీకు కావల్లనా?"

"నాకెందుకు? నా ఆట అయిపోయింది. ఒక్క ముక్క పడితే షో."

"నీ చేతిలో ఏం లేదు."

"నా చెయ్యి చూసినావా?"

"కాలు చూసినా. ఏమీ లేకుండా ఉన్నట్టు చెప్పేటప్పుడు నీ కాలి బొటనవేలు ఆడతాది. పెండ్లయినప్పటి నుంచి చూస్తాండా. క్లబ్బులో అందరికీ తెలిసింటాది. నీకొక్కనికే తెలీదు."

"యాడ ఆడతాంది? చీమ కుట్టింది."

"కుట్టనీ. ముక్క ఎత్తు."

"ఎత్తినా. థూ! ఇదో, ఆటీను రాణి."

"దానికే కూర్చున్యా. షో."

"షో యాడిది! చూపించు... ఇది... ఇది వరస... ఇవి మూడు..."

"నిదానంగా చూసుకో. జోకరు కూడా వాడలేదు."

"గాలి! ఒట్టి గాలి! ఆ రాణి నేను ఇడిస్తేనే కదా నీకొచ్చింది!"

"ఇడుస్తావని తెలుసు. దాని రాజును ముందే పారేస్తివి. రాణిని ఒక్కదాన్ని పెట్టుకుని ఏం చేస్తావు?"

"అదృష్టం గాలి నీ దిక్కు తిరిగింది, అంతే."

"నువ్వు గెలిస్తే తెలివి, నేను గెలిస్తే గాలి. నువ్వు ఓడితే గాలి, నేను ఓడింటే ఆడది. బాగుండాదప్పా నీ లెక్క."

"గమ్మునుండు. ఒక్క ఆటతో ఏం తేలతాది? లెయ్, మూటలు ఎత్తు. బస్సు టైమయింది."

"మగోని మాట అన్యావు."

"మగోళ్లతో అంటే మాట. పెండ్లాంతో అంటే తమాషా. ఎత్తుమ్మే!"

"నువ్వే ఎత్తు."

"ఇంత తేలిగ్గా ఉండాదేంది ఇది? ...పొట్టు! ఒట్టి చెనక్కాయ పొట్టు! కాయలు యాడ?"

"తెల్లారకముందే మా తమ్ముడు ఎర్రన్న బండికి ఎత్తుకపోయినాడు. నువ్వు గురక పెడతాంటివి. ఈపాటికి పామిడిలో వాని చేన్లో గొర్రు తిరుగుతాంటాది."

"అంటే... ఏమీ లేకుండానే నాతో పందెం కట్టినావా?"

"నీ దగ్గర నేర్చుకున్నదే. నాకు బొటనవేలు ఆడదు."

"లేని కాయలకి ఆట ఎందుకు మరి?"

"మాట మీద నిలబడతావేమో చూద్దామని. నిలబడింటే సంచి ఇప్పేసి, నిన్ను కూడా ఆ చేనికే తీసుకపోదామనుకున్యా."

"నా సంచి ఇప్పడమేంది?"

"తెరిచి చూడు."

"చీరలు... అన్నీ చీరలే... నా చొక్కా ఏదీ?"

"ఆరేసిన చోటే ఉండాదని చెప్పినా కదా."

"రామాంజీ... ఆగు. కూర్చో. ఇదో, చూడు, పేకలు చింపుతాండా. ఇంక ముట్టను. మా నాయన మీద ఒట్టు. నీతో పామిడికి వస్తా, గొర్రు నేనే పడతా. నమ్ము నన్ను."

"నమ్మల్లనే ఉండాది."

"అయితే సంచి కింద పెట్టు."

"నీ కాలు చూసుకో. బొటనవేలు ఆడతాంది."

రామాంజినమ్మ పామిడి బస్సెక్కింది. అది రెండువేల మూడు జులైలో ఒక బుధవారం. ఆ ఇంటికి మళ్లీ రాలేదు.