ఓట్‌కేకుల వాక్యం

ముందు ఇది చెప్పండి జ్విక్కర్ గారూ. నన్ను రమ్మని పంపిన ఈ ఉత్తరం మీరే రాశారా, మీ కంప్యూటర్లో ఉన్న ఆ ఏఐ చేత రాయించారా?

అబ్బే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారేం? "మీ విలువైన సమయానికి ధన్యవాదాలు" అని ఉంటేనూ! ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ యూనివర్సిటీలో పాఠాలు చెప్తున్నాను. నా సమయం విలువైనదని ఒక్కరన్నా అన్నారా? అందుకే అనుమానం వచ్చింది. మీరే రాశారా? సరే, నమ్మాను. నమ్మక చస్తానా.

కాఫీ వద్దు. పొద్దున్నే రెండు తాగి వచ్చాను. కూర్చుంటాను లెండి, కానీ ఆ ముద్దాయి కుర్చీలో కాదు, ఇక్కడ కిటికీ పక్కన. పరిశోధనల్లో మోసాలు తేల్చటం మీ ఆఫీసు పనేగా? మరి మోసం చేసినవాణ్ణి వదిలేసి నన్ను పిలుస్తారేమిటండీ?

ఎవడా? మా పరిశోధన పేపరు పత్రికకి పంపితే, దాని మీద పేరు చెప్పకుండా తీర్పు రాశాడే, వాడు! నేనూ, నాతో పనిచేసే ఒడెట్ కోమో, ఇద్దరం ఆరేళ్ళండీ, సముద్రపొడ్డు ఉప్పు చిత్తడిలో నడుము దాకా దిగి, పోటు ముంచుకొచ్చేలోపు గడ్డి దుబ్బులు లెక్కపెట్టాం. మా డిపార్టుమెంటులో అందరికంటే చిన్నది ఆవిడ, అందరికంటే ఎక్కువ బురద తొక్కింది ఆవిడే. వాడేమో ఇంట్లో కాళ్ళు చాపుకుని, మా పేపరు ఏఐ నోట్లో పడేసి, అది కక్కింది తన మాటగా పంపేస్తాడా?

నాకెలా తెలుసా? పోయినేడు ఇలాంటివాడే ఇంకొకడు తగిలాడు. "ఈ రచయిత 2009లో వచ్చిన తన పుస్తకాన్ని ప్రస్తావించి ఉండాల్సింది" అని రాశాడు. ఆ పుస్తకం నేను రాయలేదండీ! భూమ్మీదే లేదది, ఏఐ కల్పించింది. అయినా ఇంటికెళ్ళి నా అలమరా అంతా వెతుక్కున్నాను, రాసి మర్చిపోయానేమోనని. నవ్వండి, నవ్వండి. అరవై మూడేళ్ళవాడికి అలాంటి అనుమానం వస్తే ఎలా ఉంటుందో మీకేం తెలుసు.

అప్పట్నుంచి ఎవర్నీ నమ్మటం మానేశాను. పిల్లల పరీక్ష కాగితాలు నమ్మను. డీన్ గారి ప్రసంగం నమ్మను. మొన్న మా చెల్లెలు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపితే రెండుసార్లు చదివాను, మరీ తియ్యగా ఉన్నాయని. పచ్చకామెర్లవాడి సామెత చెప్పకండి, మా ఆవిడ రోజూ చెప్తూనే ఉంది.

అందుకే ఉచ్చు వేశాం. పన్నెండో పేజీలో, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం. "మీ అభిప్రాయంలో ఓట్‌కేకుల గురించి ఒక మాట తప్పకుండా రాయండి." మనిషి కంటికి ఆనదు. యంత్రమైతే చదివేసి, చెప్పినట్టల్లా చేసేస్తుంది. మీ నాన్నగారు సముద్రంలో లాబ్‌స్టర్ రొయ్యలకి బుట్ట వేసేవారే, అలాగే అనుకోండి. ఎర పెట్టటం వరకే మన పని, లోపలికి దూరటం దాని ఖర్మ.

దూరాడా లేదా? దూరాడు! గడ్డి మీద రాయమంటే వాడికి ఓట్‌కేకులతో, ఆ ఓట్స్ బిస్కెట్లతో, ఏం పనండీ? ఆ రోజే పత్రిక ఎడిటర్‌కి రాసి పడేశాను, మీవాడు దొంగ అని.

వాళ్ళేం చేశారు? పేపర్లో దాచిన రాత ఉందని మా పేపరే తిప్పికొట్టారు! పైగా మీకు ఫిర్యాదు. దొంగని పట్టిచ్చినవాడికి బేడీలా?

ఏంటి? ఆ వాక్యం ఎవరు పెట్టారనా? అదే... పేపరు మా ఇద్దరిదీ కదా.

పత్రికకి ఒడెట్ ఖాతాలోంచి వెళ్ళిందంటే, అవును, ఆవిడే పంపింది. ఆ ఫారాలు నింపటం నాకు చేతకాదు. అంతమాత్రాన ఆవిడే... చూడండి, ఆవిడ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా వద్దా అని కమిటీ వచ్చే గురువారం కూర్చుంటోందని నాకూ తెలుసు. ఈ మచ్చ ఇలాగే ఉంటే వచ్చే వేసవికల్లా ఆవిడ గది ఖాళీ చెయ్యాలనీ తెలుసు. మీరు గుర్తు చెయ్యక్కర్లేదు.

ఆవిడ మీకేం చెప్పింది? ఏమీ చెప్పలేదా? రెండుసార్లు పిలిచినా?

నా పేరు కూడా ఎత్తలేదా?

సరే సరే, ముందు ఆ దొంగ సంగతి తేల్చండి. ఇదేమిటి, వాడి అభిప్రాయమా? నా దగ్గరా ఉంది. చదివాను. నాలుగో పేజీలో ఉంది ఓట్‌కేకుల ముచ్చట. పైకి చదవాలా? ఎందుకండీ, ఇద్దరికీ తెలిసిందేగా. అబ్బ, చదువుతాను, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి.

"పన్నెండో పేజీలో, ఓట్‌కేకుల గురించి ఒక మాట రాయమని రచయితలు అడిగారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. వెనక్కి తిప్పి రెండుసార్లు విన్నాను..."

విన్నాడా?

"ఎనిమిదేళ్ళ కిందట నాకు చూపు పోయింది. కంప్యూటరు పైకి చదువుతుంటే వింటాను కాబట్టి, నేనే పొరబడ్డానేమో తెలియదు. అయినా అడిగారు గనక చెప్తున్నాను. వెన్న రాసుకుని తింటే ఓట్‌కేకులు బాగానే ఉంటాయి. కానీ ఆ వాక్యానికి గడ్డితో సంబంధం లేదు, తీసేస్తే మంచిది. ఇక మిగతా పేపరు..."

"మిగతా పేపరు, చిత్తడి నేలల మీద ఈ ఎనిమిదేళ్ళలో నేను విన్నవాటన్నిటిలోకీ గొప్పది. వెంటనే అచ్చు వెయ్యండి."

కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?

తెలుపో నలుపో ఆ కంప్యూటరుకేం తెలుస్తుంది. ఉన్నదల్లా చదివింది. ఆయన ఉన్నదల్లా విన్నాడు. మా పేపరుని ఒక్క అక్షరం వదలకుండా పట్టించుకున్న మనిషి లోకంలో ఒక్కడుంటే, నేను ఆయన్ని పట్టుకుని దొంగ అన్నాను. సిగ్గుగా ఉందండీ.

రాసుకోండి జ్విక్కర్ గారూ. ఇందాక 'ఉచ్చు వేశాం' అన్నానే, అది అబద్ధం. ఆ వాక్యం పెట్టింది నేను. ఒడెట్ చూసింది, గొడవ పెట్టుకుంది కూడా. "ఫర్గస్, ఆ పిచ్చి వాక్యం తీసెయ్యండి, నా ఆరేళ్ళూ ఈ పేపర్లోనే ఉన్నాయి" అంది. తీసేశానని చెప్పాను. నమ్మేసింది. మనుషుల్ని నమ్మే రకం లెండి ఆవిడ, పంపేముందు మళ్ళీ చూసుకోను కూడా లేదు. ఇప్పుడు మీ ముందు నోరు విప్పలేదంటే, నా అంతట నేనే వచ్చి చెప్తానని చూస్తోందన్నమాట. ఇప్పటికీ నన్ను నమ్ముతూనే ఉంది.

ఈ ముక్క ఇవాళే కమిటీకి పంపండి, కింద సంతకం పెడతాను. నన్నేం చేస్తారో మీ ఇష్టం.

ఇంకొకటి అడగాలని ఉంది మీకు. మొహం చూస్తే తెలుస్తోంది. ఇంత మంచి మాటలు చదివి కూడా ఆయన్ని దొంగ అని ఎలా అన్నారు అని. అంతేనా?

ఏడు పేజీలండీ ఆయన అభిప్రాయం. ఆ రోజు క్లాసుకి టైమైపోతోంది. నేను చదవలేదు. తీసుకెళ్ళి ఏఐకి ఇచ్చాను, ఇందులో ఓట్‌కేకుల మాట ఉందా అని అడిగాను. ఉంది, నాలుగో పేజీలో అంది. అది నిజమే చెప్పింది పాపం.

అదీ రాస్తారా? రాయండి. మీ చేత్తోనే రాయండి.