తారుమారైన అంకె

సొరంగం బయటి కంట్రోల్ గదిలో, ఆ పొద్దున్నే పెట్టిన కొత్త కంప్యూటరు ముందు అక్క నిలబడి ఉంది. తమ్ముడి చేతిలో వాకీటాకీ ఉంది.

“లోపల విషవాయువు రెండే చూపిస్తోందక్కా. బావని దిగమన్నాను.”

“ఇక్కడెప్పుడూ యాభైకి తగ్గదు. ఇవాళ రెండేమిట్రా?”

“కొత్త కంప్యూటరు కదా, ఇదే సరిగ్గా చెబుతోందేమో.”

“లోపలున్న మీటరు పాతదిరా. అంకెని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కని ముందు పంపుతుంది. ఈ కంప్యూటరేమో ముందొచ్చిందే చిన్న ముక్క అనుకుంటోంది.”

“తిప్పి చదివితే ఎంత?”

“పెద్ద ముక్కలో ఒక్కోటీ రెండొందల యాభయ్యారు. రెండంటే ఐదొందల పన్నెండు.”

“మూడొందలకే మనిషి పడిపోతాడన్నావుగా!”

“నన్ను చూస్తావేంట్రా, ఆయన్ని పిలువు!”

“బావా! బావా, వెనక్కొచ్చెయ్! ...పలకట్లేదక్కా.”

“ఇలా ఇవ్వు. ఏవండీ! వినిపిస్తోందా? ఉన్నపళంగా పైకి రండి!”

వాకీటాకీ కాసేపు గరగరలాడింది. ఆమె దాన్ని చెవికి అదిమి పట్టుకుంది.

“ఏమంటున్నాడక్కా?”

“సగం దూరం దిగాక రమ్మంటారేంటని తిడుతున్నారు.”

“వస్తున్నాడా మరి?”

“వస్తున్నారు. తిట్టనీరా. పైకొచ్చి, నా ఎదురుగా నిలబడి తిట్టనీ.”