‘సరిచేసేవారు’: శ్రీమతి అరుణజ్యోతి గారి పదవీ విరమణ వేళ

1991వ సంవత్సరం జూలై 8వ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి అరుణజ్యోతి గారు మన సంస్థ కర్నూలు కార్యాలయంలో సాంకేతిక సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు. అప్పటికి మన కార్యాలయమంటే అద్దె మేడ మీద మూడు గదులు, ఒక టైపు మిషను, వేసవిలో ఎక్కువగా ఆగిపోయే రెండు ఫ్యాన్లు. నిర్మాణ స్థలంలో ఇంజనీరుగా ఒక స్త్రీ నిలబడి పని చేయించడం మన ప్రాంతంలో ఇంకా ఎవరికీ అలవాటు కాని కాలమది. ఎమ్మిగనూరులోని చేనేత కుటుంబంలో జన్మించి, తోబుట్టువులందరిలో తానొక్కతే సివిల్ డిప్లొమా పూర్తిచేసిన అరుణజ్యోతి గారు ఆ అలవాటు లేమిని ఒక అవరోధంగా ఏనాడూ చెప్పుకోలేదు.

ఆదోనిలో పత్తి గోదాముల నిర్మాణం ఆమె తొలి బాధ్యత. సిమెంటు లారీతో వచ్చిన డ్రైవరు రసీదు చేతబట్టుకుని, “సారు యాడున్నాడమ్మా?” అని అడిగితే, “నీ ముందరే ఉండాడు. సంతకం యాడ పెట్టాలో చెప్పు” అన్నారట. ఈ మాట నేను ఉద్యోగంలో చేరేనాటికే మన కార్యాలయంలో సామెతలా చెలామణి అవుతూ ఉండేది.

తరువాతి సంవత్సరాలలో ఆమె నంద్యాలలో, శ్రీశైలంలో, మరల కర్నూలులో అనేక కట్టడాలను పర్యవేక్షించారు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద నగరంలోకి వచ్చినప్పుడు మన కార్యాలయంలోని నాణ్యతా విభాగపు కాగితాలన్నీ బురదపాలయ్యాయి. ఏ భవనంలో ఏ లోపం చూశామో, ఎవరికి చెప్పామో, ఎవరు బాగుచేశారో తెలిపే ఆధారం ఏదీ మిగలలేదు. అరుణజ్యోతి గారు ఆ శీతకాలమంతా పాత భవనాలకు స్వయంగా వెళ్లి, గోడ గోడా చూసి, మళ్లీ మొదటినుంచి నమోదు చేసుకొచ్చారు. నాణ్యతా విభాగపు తనిఖీ పని ఆమె చేతికి వచ్చింది ఆ తరువాతనే.

2019లో మన సంస్థ ప్రాజెక్టు నిర్వహణకు కొత్త సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టింది. దాని కార్యాలయ నిర్వహణ ప్రణాళికా విభాగంలో ఉన్న నాకు అప్పగించారు గనుక, ఇక చెప్పబోయే విషయాలలో చాలా భాగానికి నేనే సాక్షిని. ఈ సంచికను చదివే కుటుంబ సభ్యుల కోసం దాని తీరు రెండు మాటలలో చెబుతాను. నిర్మాణ స్థలంలో ఒక లోపం కనబడగానే ఇంజనీరు ఫోనులో దాని ఫొటో తీస్తారు, నక్షాలో అది ఉన్న చోటును గుర్తిస్తారు, దానికి బాధ్యులెవరో జాబితాలోంచి ఒక పేరు ఎంచుకుంటారు, గడువు పెడతారు. ఆ పేరు గలవారి ఫోనుకు వెంటనే తెలుగులో సందేశం వెళుతుంది. పని పూర్తయి, ఇంజనీరు మళ్లీ చూసి సరేననే వరకు ఆ లోపం ఎర్రని గుర్తుతో అందరికీ కనబడుతూనే ఉంటుంది.

ఎంతో సదుద్దేశంతో వచ్చిన ఈ ఏర్పాటు మొదట్లో దాదాపు ఖాళీగానే ఉండిపోయింది. కొన్ని స్థలాల నుంచి నెలల తరబడి ఒక్క లోపం కూడా నమోదు కాలేదు. సమీక్షా సమావేశంలో అందరూ సంతోషిస్తూ ఉంటే అరుణజ్యోతి గారు మాత్రం ముఖం చిట్లించుకుని, “తక్కువుండాయంటే నమ్ముతా. ఒగటీ లేదంటే యాడో దాస్తాండారు” అన్నారు. ఎందుకు దాస్తున్నారన్నది మాకు అర్థం కావడానికి కడప దాకా పోవలసివచ్చింది.

2022 వేసవిలో కడప శివార్లలో మన సంస్థ ఒక బాలికల వసతి గృహాన్ని నిర్మిస్తూ ఉండేది. బనగానపల్లె పక్క గ్రామానికి చెందిన మద్దిలేటి గారు అక్కడ పెద్ద మేస్త్రీ. మన సంస్థలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తూ, ఆయన జట్టు కట్టిన గోడకు తూకపు గుండు పట్టి చూడనక్కరలేదని పేరు తెచ్చుకున్నవారు. తనిఖీకి వెళ్లిన అరుణజ్యోతి గారికి భోజనశాలలో ఒక బీము అడుగున, గోడ మొదలయ్యే చోట, ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నని నెర్రె కనబడింది. బీము పగిలి ఉంటే అది ప్రాణాల మీదికి వచ్చే లోపం. ఆమె అక్కడే నిలబడి ఫొటో తీసి, తీవ్ర లోపంగా నమోదు చేసి, బాధ్యుని స్థానంలో మద్దిలేటి గారి పేరు ఎంచుకుని, పై అంతస్తు పని నిలిపివేయించారు.

ఆ సమయానికి మద్దిలేటి గారు తమ ఊరిలో ఉన్నారు. మనవడి పుట్టువెంట్రుకలు తీయించి, బంధువులందరినీ భోజనాలకు కూర్చోబెట్టి, తాను వడ్డిస్తున్నారు. ఫోను మోగింది. ఆయనకు చదువు రాదు. ఏదో శుభాకాంక్ష అనుకుని అల్లుడి చేతికిచ్చి గట్టిగా చదవమన్నారు. అల్లుడు చదివాడు: “తీవ్ర లోపం. భోజనశాల బీము. బాధ్యుడు: మద్దిలేటి. పని నిలుపుదల.”

మరునాడు ఆయన మొదటి బస్సుకే కడప చేరుకున్నారు. సైటు ఇంజనీరు ఈరేష్ చెప్పిన ప్రకారం, మద్దిలేటి గారు గొంతు పెంచలేదు.

“అమ్మా, నేను జేసిన బీములో నెర్రె పడిందంటే నాకే ముందు తెలియాల. నన్నొక మాట అడగకుండా, మా వియ్యంకుల ముందర నా పేరు సదివించినారే?”

“మద్దిలేటన్నా, పరీక్ష అయ్యేదాకా నేనేమీ చెప్పలేను. పిల్లోళ్లు కూర్చోని తినే తావు ఇది. పని నిలపకుండా ఉండలేను” అన్నారు అరుణజ్యోతి గారు.

“నిలపండమ్మా. నిలిపినందుకు నాకు బాధ లేదు” అని ఆయన వెళ్లి ఇసుక కుప్ప మీద కూర్చున్నారు.

పరీక్షలు జరిపే నిపుణులు వచ్చారు. యంత్రాలతో బీమును అన్ని వైపులా పరిశీలించి, కాంక్రీటు ఎక్కడా చెక్కుచెదరలేదని, ఉండవలసిన దానికన్నా గట్టిగానే ఉందని తేల్చారు. నెర్రె పడింది పైపూతలో మాత్రమే. పూతను కొట్టించి చూస్తే కారణం బయటపడింది. కాంక్రీటు బీము, ఇటుక గోడ కలిసే చోట, పూత వేయకముందు సన్నని ఇనుప జాలీ పరచాలి. మన కడప ఎండకు ఆ రెండూ ఒకే తీరున సాగవు గనుక, జాలీ లేకపోతే పూత విడిపోతుంది. అక్కడ జాలీ లేదు.

“జాలీ ఎందుకు పెట్టలేదు?” అని ఆమె అడిగారు. ఈరేష్ తల వంచుకుని, “మేడం, జాలీ కావాలని మద్దిలేటన్న అడిగినాడు. నేను పంపినా. అనుమతి మీ దగ్గరనే ఆగింది. పూత పని ఆలస్యమవుతాందని కర్నూలు నుంచి తొందర చేసినారు” అన్నారు.

అరుణజ్యోతి గారు ఫోను తెరిచి చూసుకున్నారు. ఈరేష్ పంపిన అభ్యర్థన ఆమె పేరు మీద, ఆమె సంతకం కోసం, అలాగే ఉంది. ఆ వారాలలో ఆమె శ్రీశైలం పనుల మీద తిరుగుతూ దానిని చూడలేదు. చూడకపోవడానికి కారణాలు చెప్పుకోవాలంటే కావలసినన్ని ఉన్నాయి. ఆమె ఒక్కటీ చెప్పకుండా, అక్కడినుంచే నాకు ఫోను చేశారు.

“ఏమప్పా లేవీ, ఈ లోపం మీద మద్దిలేటన్న పేరు తీసి నా పేరు పెడదామంటే జాబితాలో నా పేరే కనపడలేదు. యాడుండాది?”

“ఆ జాబితాలో కాంట్రాక్టర్లు, మేస్త్రీలే ఉంటారు మేడం. ఇంజనీర్లు రాసేవాళ్లు గదా.”

“అంటే మనం తప్పే చెయ్యమనా?” అన్నారు ఆమె. ఆ జాబితాను ఎవరూ దురుద్దేశంతో అలా తయారుచేయలేదు. అలా ఉండడం మాలో ఎవరికీ వింతగా తోచలేదు, అంతే.

జాబితాను మార్చడానికి జనరల్ మేనేజరు శ్రీ సుందరం గారి అనుమతి కావాలి. అరుణజ్యోతి గారు కర్నూలుకు వచ్చి ఆయనతో మాట్లాడినప్పుడు నేనూ ఆ గదిలో ఉన్నాను. సుందరం గారి సంశయం అకారణమైనది కాదు. “అమ్మా, ఈ పట్టికను మనకు పని ఇచ్చినవాళ్లు కూడా చూస్తారు. మన ఇంజనీర్ల పేర్లే ఎర్రగా కనబడితే రేపు మనకు పని ఎవరిస్తారు?” అన్నారు.

“చూడనీయండి సార్. మన పేర్లు అందులో లేనంత కాలం మేస్త్రీలు మనల్ని నమ్మరు. నమ్మనోళ్లు నెర్రె కనబడితే మనకు చెప్పరు, పూత ఏసి మూస్తారు. మూసిన నెర్రెతో భవనం అప్పజెప్పే ధైర్యం నాకు లేదు.”

సుందరం గారు చివరికి, “సరే, మొదట మీ పేరు ఒక్కటే పెట్టి చూద్దాం” అన్నారు. ఆ సాయంత్రమే నేను ఆమె పేరు చేర్చాను. ఆ ఏడాది ఆమెకు రావలసిన పదోన్నతి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు; ఆమె ఎవరినీ అడగలేదు. ఇది ఒక అభినందన సంచికలో రాయదగిన విషయమేనా అని నేను సందేహించాను గానీ, రాయకపోతే ఆమె చేసిన పని విలువ సగమే తెలుస్తుంది.

పేరు మారడంతో విషయం ముగిసిందని మేమందరం భావించాము. ఆమె అలా భావించలేదు. తరువాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని మద్దిలేటి గారి ఊరికి వెళ్లారు. ఇంటి ముందు అరుగు మీద మద్దిలేటి గారు, ఆయన అల్లుడు ఉన్నారు. ఆయన భార్య సుంకమ్మ గారు మమ్మల్ని చూసి, మరేదో చెడ్డ కబురు తెచ్చామని భయపడినట్టున్నారు. కూర్చోమని కూడా అనలేదు.

“సుంకమ్మక్కా, ఆ పొద్దు ఈడ భోంచేసినోళ్లను పిలిపిస్తావా? ఊర్లో ఉండేవాళ్లయినా సరే” అన్నారు అరుణజ్యోతి గారు.

నలుగురైదుగురు చుట్టాలు వచ్చారు. ఆమె తన ఫోనును అల్లుడి చేతికిచ్చి, ఆనాటిలాగే గట్టిగా చదవమన్నారు. అతడు చదివాడు: “బీము దృఢంగా ఉంది. పైపూతలో మాత్రమే లోపం. కారణం: జాలీ అనుమతిలో ఆలస్యం. బాధ్యురాలు: అరుణజ్యోతి.”

అతడు చదవడం ముగించాక ఆమె లేచి నిలబడి, “తప్పు నాది. మద్దిలేటన్న అడిగినది అడిగినట్టు నేను పంపించింటే ఇది జరిగేది కాదు. ఆయన పేరు రాసేముందు ఆయన్ని అడగలేదు, అది ఇంగో తప్పు” అన్నారు.

సుంకమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, “తప్పు జేసినోళ్లు ఇంటిదాకా వచ్చి చెప్పేది నేను యాడా జూల్లేదమ్మా. కూర్చో” అని చాప పరిచారు.

మద్దిలేటి గారు మాత్రం వెంటనే మెత్తబడలేదు. “వచ్చినారు, శానా సంతోషం. అయినా ఆ పొద్దు పడిన మాట పడిందే గదమ్మా. విస్తరి ముందర కూర్చున్న మా వియ్యంకుడు అన్నం కలుపుకోకుండా నా దిక్కే జూసె. దాన్ని యా యాప్‌లో దుడుస్తారు?” అన్నారు.

“దుడ్చలేను మద్దిలేటన్నా” అని ఆమె ఒప్పుకున్నారు.

ఆయన, “అట్లయితే ఇంగ మీద ఒగటి జెయ్యండి. ఎవురి పేరయినా రాసేముందు ఒక ఫోను కొట్టండి. అడిగినాక రాయండి. నాకు గాదు, అందరికీ” అన్నారు.

ఆ మాట ఈనాడు మన సంస్థలో నియమం. సంబంధిత వ్యక్తితో మాట్లాడకుండా ఏ లోపానికీ పేరు పెట్టరాదు. ‘బాధ్యులు’ అన్న శీర్షికను తీసివేసి, ఆ స్థానంలో ‘సరిచేసేవారు’ అని పెట్టించినది కూడా అరుణజ్యోతి గారే. మొదట అది కేవలం మాట మార్పిడి అని నేననుకున్నాను. అయితే ‘బాధ్యుడు’ అనగానే మనిషి వెనక్కి చూసి, జరిగినదానికి సంజాయిషీ వెతుక్కుంటాడు; ‘సరిచేసేవారు’ అంటే రేపు పొద్దున చేయవలసిన పని కంటికి కనబడుతుంది. క్రమంగా మన ఇంజనీర్లందరి పేర్లూ ఆ జాబితాలో చేరాయి. సుందరం గారు తమ పేరును తామే చేర్పించుకున్నారు.

ఆ తరువాతి సంవత్సరం నమోదైన లోపాలు ఒక్కసారిగా పెరిగాయి. కొందరు ఆందోళన పడ్డారు. పని చెడిపోయి అవి పెరగలేదనీ, మాట బయటికి రావడం మొదలై పెరిగాయనీ ఆమె ఓపికగా వివరిస్తూ వచ్చారు. మేస్త్రీలు తమంతట తామే ఫొటోలు పంపసాగారు. మద్దిలేటి గారు పంపిన మొదటి ఫొటో తన జట్టు వేసిన మెట్ల వరుసదే. ఒక మెట్టు ఎత్తు తేడా వచ్చిందని, తామే కొట్టి మళ్లీ కడతామని అల్లుడి చేత రాయించి పంపారు. ఆ వసతి గృహం గడువు కన్నా రెండు నెలలు ఆలస్యంగా అప్పగించాము. ప్రారంభం నాడు భోజనశాలలో ఆడపిల్లలు బారులు తీరి కూర్చుని తింటూ ఉంటే, అరుణజ్యోతి గారు అతిథులతో కలవకుండా, వెనకగా నిలబడి చూస్తూ ఉండిపోయారు.

2024లో ఆమె నాణ్యతా విభాగపు ముఖ్య అధిపతిగా నియమితులయ్యారు. ఆలస్యంగా వచ్చిన ఆ పదవిని అలంకరించినది కొద్ది కాలమే అయినా, ఆ కాలంలో ఆమె వద్ద పని నేర్చుకున్న ఈరేష్ నేడు కడప విభాగాన్ని సమర్థంగా నిర్వహిస్తున్నారు. ఈ సుదీర్ఘ సేవలో ఆమెకు అడుగడుగునా తోడుగా నిలిచిన భర్త, విశ్రాంత ఉపాధ్యాయులు శ్రీ నాగరాజ్ గారికి, భోజనాల వేళ తల్లి ఫోను మోగడాన్ని చిన్ననాటి నుంచీ సహించిన కుమార్తె చిరంజీవి రమణికి మన సంస్థ పక్షాన కృతజ్ఞతలు.

మొన్న కార్యాలయంలో ఎవరో, “రిటైరయినాక ఏం చేస్తారు మేడం?” అని అడిగారు. తీర్థయాత్రలనో, పుస్తక రచననో చెబుతారని మేము ఎదురుచూశాము. ఆమె నవ్వి, “పొద్దున్నే లేసి, ఫోను జూడకుండా, వేడిగా ఒక గ్లాసు కాఫీ తాగాలప్పా. ఇన్నేండ్లలో నేను తాగిన కాఫీ అంతా సల్లారిందే” అన్నారు.

అమ్మా, అరుణజ్యోతి గారూ! మంత్రాలయ రాఘవేంద్రుల వారి కరుణ మీ పైన, మీ ఇంటి పైన ఎల్లవేళలా ఉండాలని, ఆరోగ్యంతో, మనశ్శాంతితో మీరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. రేపటి నుంచి ప్రతి ఉదయం ఆ గ్లాసు మీ చేతిలో వేడిగా ఉండాలి. చివరి గుక్క వరకు మిమ్మల్ని ఎవరూ పిలవకుందురు గాక.

జి. లేవి
ప్రణాళికా విభాగం, కర్నూలు