నాలుగో గేజీ పరీక్ష

నా కోతలు నమ్మేవాళ్లు మా ఊళ్లో ఇద్దరే. ఒకణ్ణి నేను, రెండోవాడికి చెవుడు. అయినా మార్కెట్ పక్కన ల్యుబా టీకొట్టు దగ్గర నేను నోరు విప్పితే బల్ల ఖాళీగా ఉండదు. అణువిద్యుత్ స్టేషన్ మూసేశాక మావాళ్లకి పొద్దుపోవడానికి సరస్సులో చేపలూ, అడవిలో పుట్టగొడుగులూ, నేనూ మిగిలాం.

ఆ బుధవారం మాత్రం మామూలుకంటే గట్టిగా కోశాను. బల్ల చివర తైసియా పావ్లోవ్నా కూర్చుని ఉంది మరి. పద్దెనిమిదేళ్లు స్టేషన్ ఫోనుకి అటువైపు కంట్రోల్ హాల్లో ఆవిడ, ఇటువైపు పైపుల మధ్య నేను. శుక్రవారం బస్సుకి సముద్రతీరాన క్లైపెదాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది, ఇక రాదట. వెళ్లొద్దని చెప్పే ధైర్యం లేనివాడు ఏం చేస్తాడు? గొప్పలు చెబుతాడు.

"గేజీ పరీక్షంటే ఏమనుకున్నారు?" అని మొదలెట్టాను. "పైపులో ఒత్తిడి కొలిచి, హద్దు మీరితే రియాక్టర్ని ఆపమనేది ఆ గేజీయే. నెలనెలా చేతిపంపుతో దానికి ఒత్తిడి ఎక్కించాలి, హద్దు దగ్గరికి రాగానే హాల్లో దీపం వెలగాలి, వెలిగిందని వాళ్లు ఫోన్లో చెప్పాలి. అందరికీ పావుగంట పడితే నాకు పది నిమిషాలు."

"పోయినవారం పన్నెండన్నావు," అన్నాడు రోదియన్, పాతికేళ్లు నాతో పనిచేసినవాడు.

"వయసొచ్చేకొద్దీ చెయ్యి తిరుగుతుందిరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంపు కూడా మానేశాను. పైపు మీద బొటనవేలు పెడితే చాలు, ఒత్తిడెంతో దశాంశాలతో సహా చెప్పేవాణ్ణి, నా వేలికీ గేజీకీ తేడా వస్తే గేజీని మార్చేవాళ్లు. కొన్నాళ్లకి వేలూ అక్కర్లేకపోయింది, నేను మెట్లెక్కే చప్పుడుకే గేజీలన్నీ ముల్లు సరిచేసుకునేవి. ఒకసారి సెలవు పెట్టి ఇంటిదగ్గర ఆవిరిగదిలో కూర్చున్నానా, నాకు వేడెక్కిందని అక్కడ దీపం వెలిగింది, రియాక్టర్ ఆగింది, మూడు దేశాల్లో కరెంటు పోయింది. సముద్రం అవతలి స్టేషన్లవాళ్లు ఫోను చేసి, అయ్యా, మీరు కాస్త చల్లబడితే మావి నడుస్తాయని బతిమాలారు. ఏం చేస్తాను, లేచి మంచుపట్టిన సరస్సులో దూకాను."

సరస్సు ఉడికింది అప్పుడేనా అని ల్యుబా అడిగింది. అవునన్నాను. ఆ చలికాలం ఊరంతా తాగిన చేపల పులుసు నా చలవేనన్నాను.

తైసియా గ్లాసు కింద పెట్టింది.

"వెన్యామిన్ అర్కాద్యెవిచ్, పరీక్షల రిజిస్టరు రాసింది నేను. అందరికీ పావుగంట, మీకు నలభై నిమిషాలు. నాలుగో గేజీకి ప్రతినెలా మూడేసిసార్లు. దీపం మొదటిసారే వెలిగేది, నేను చెప్పేదాన్ని. సరిగ్గా వినబడలేదు, మళ్లీ చేస్తాననేవారు."

బల్లంతా గొల్లుమంది. ఆ ఒక్క గొంతు కోసం నెలలో మిగతా రోజులన్నీ ఎలా గడిపేవాణ్ణో అంతమందిలో ఎలా చెప్పను?

"లైను బాగుండేది కాదు," అన్నాను.

"బాగానే ఉండేది," అంది ఆవిడ సంచీ అందుకుంటూ. "నేనే గొంతు తగ్గించి చెప్పేదాన్ని."

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ అప్పటికే రోడ్డు దాటుతోంది. నేను టీగ్లాసు పట్టుకునే కూర్చున్నాను.

రోదియన్ నా టీగ్లాసు తనవైపు లాక్కున్నాడు.

"లేవరా," అన్నాడు మెల్లగా. "ఆ సంచీ బరువుగా ఉన్నట్టుంది."